పదిహేడో నంబరు తువ్వాలు

మూడో తేదీ

పాత ఫైర్ స్టేషన్ మ్యూజియం అధికారి గారికి,

నమస్కారాలు. నిన్న మీ మ్యూజియం చూశాను. నేను ఆ స్టేషన్లోనే ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయిన ఫైర్‌మన్ని. ఒకప్పుడు మేం మంచాలేసుకుని పడుకున్న హాల్లో ఇప్పుడు టికెట్టు కొనుక్కుని తిరిగాను. అప్పుడు పడుకుంటే జీతమిచ్చేవాళ్లు, ఇప్పుడు నడిస్తే డబ్బులు తీసుకుంటున్నారు. కాలం అంతే, ఏం చేస్తాం.

ఫైరింజను బాగుంది. ఎరుపు కాస్త ఎక్కువేశారు. పై అంతస్తు నుంచి కిందికి జారే ఇత్తడి స్తంభం చుట్టూ తాడు కట్టి ‘తాకరాదు’ అని బోర్డు పెట్టారు. ముప్పై రెండేళ్లు దాన్ని కౌగిలించుకుని బతికినవాణ్ణి, చేతులు జేబులో పెట్టుకుని చూడాల్సి వచ్చింది. కాన్వాస్ గొట్టాలు మాత్రం ఎవరో చాప చుట్టినట్టు చుట్టారు. గొట్టాన్ని సగానికి మడిచి, మడత దగ్గర్నుంచి చుట్టుకు రావాలి. అప్పుడే రెండు కొసలూ చేతికందుతాయి.

ఇక అసలు సంగతి. కింది హాల్లో గాజుపెట్టెలో మా స్టేషన్ రిజిస్టరు తెరిచి పెట్టారు. నలభై ఏళ్ల నాటి పేజీ. అందులో ఇలా ఉంది: ‘మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు గంట మోగినది. దర్జీ దుకాణంలో మంటలు. 17వ నంబరు ఉద్యోగి తన ప్యాంటును నిబంధనలకు విరుద్ధముగా గొట్టాలు ఆరేసే టవరుపై ఆరవేసి ఉన్నందున, సదరు ఉద్యోగి తువ్వాలుతో హాజరయ్యెను. మందలించడమైనది.’

ఆ పేజీ తిప్పించవలసిందిగా మనవి. ఒక్క పేజీ చాలు. వెనకవైపు కూడా ఆ రోజుదే, చాలా మంచి పేజీ. ఇన్నాళ్లు ఒకే పేజీ వెలుతురులో ఉంటే సిరా వెలిసిపోతుంది. నా బాధంతా సిరా గురించే.

వచ్చే నెల మొదటి ఆదివారంలోగా తిప్పితే మేలు. ఆ మంటలకు ఆ రోజుతో నలభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజే మ్యూజియం చూపించమని మా ఆవిడ పట్టుబట్టింది. ఆ దర్జీ దుకాణం సంగతి నేను ఆవిడకి చాలాసార్లు చెప్పి ఉన్నాను. నేను చెప్పినప్పుడు అందరికీ ప్యాంట్లున్నాయి. పైగా మంట వెలుగులో ఇత్తడి గుండీలు మెరిసిపోతుంటాయి. ఇప్పుడు ఆవిడ మీ పేజీ చదివితే రెంటికీ పొంతన కుదరదు. అడగందే అమ్మయినా పెట్టదు కదా అని అడుగుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ ఫైర్‌మన్

తా.క. జవాబు మా ఇంటికి రాయకండి. మా వీధి చివర సైకిల్ షాపుకి రాయండి. మా ఇంట్లో ఉత్తరాలు ముందు మా ఆవిడ చదువుతుంది. సిరా విషయాలు ఆవిడకి పడవు.

*

ఎనిమిదో తేదీ

గౌరవనీయులైన రిటైర్డ్ ఫైర్‌మన్ గారికి (సైకిల్ షాపు ద్వారా),

నమస్కారం. తమ ఉత్తరం అందింది. మ్యూజియం తెరిచిన ఏడు నెలల్లో మాకు వచ్చిన ఉత్తరాల్లో మరుగుదొడ్డి ప్రస్తావన లేనిది మీదొక్కటే. సిబ్బంది అందరం కూర్చుని చదువుకున్నాం.

సిరా పట్ల మీ ఆవేదన మమ్మల్ని కదిలించింది. గాజుపెట్టె తాళంచెవి హెడ్డాఫీసులో ఉంది కాబట్టి పేజీ తిప్పడం మా చేతుల్లో లేదు. అయినా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎండ పడకుండా పెట్టెను కిటికీ దగ్గర్నుంచి తీసి హాలు మధ్యలో పెట్టాం. సిరాకి హాని చెయ్యని ప్రత్యేకమైన దీపం సరిగ్గా ఆ పేజీ మీదే పడేలా అమర్చాం. ఇప్పటికే వెలిసిన అక్షరాలు కనబడడానికి పెద్ద భూతద్దం బిగించాం. ఇప్పుడు ‘తువ్వాలు’ అన్న మాట గుమ్మంలోంచే చదవొచ్చు.

తమరికి ఒక మనవి. వచ్చినవాళ్లంతా 17వ నంబరు ఎవరని అడుగుతున్నారు. తమరు ఆ కాలం వారు కనుక ఆయన వివరాలు, చిరునామా తెలియజేస్తే మేమే వెళ్లి కలుస్తాం.

భవదీయుడు,
మ్యూజియం అధికారి

తా.క. గొట్టాలు మీరు చెప్పిన పద్ధతిలో చుట్టించాం. మొదటిసారి టికెట్లమ్మే ఆవిడ కాలు కూడా చుట్టలో పడింది. రెండోసారి సరిగ్గా వచ్చింది.

*

పన్నెండో తేదీ

అధికారి గారికి,

నమస్కారాలు. దీపం పెట్టమని నేను అడగలేదు. భూతద్దం అసలే అడగలేదు. మీకు ఉత్తరం రాయడం కొరివితో తల గోక్కున్నట్టయింది.

మొన్న వచ్చి చూశాను. ఫైరింజను దగ్గర ఇద్దరున్నారు, పేజీ దగ్గర వరస కట్టారు. ఒక పెద్దమనిషి భూతద్దంలోంచి చదివి, ఇంకోసారి చదివి, బయట చెప్పులు వేసుకుంటున్న భార్యని వెనక్కి పిలిచి చూపించాడు. ఆవిడ మళ్లీ చెప్పులు విప్పి వచ్చింది. మనిషన్నాక ఒకరోజు ప్యాంటు ఉండదు, ఇంకోరోజు ఉంటుంది. ఉన్న రోజులన్నీ వదిలేసి లేని రోజు పట్టుకుని దీపం పెడితే ఎలా?

17వ నంబరు ఎవరని అడిగారు. నేను కొద్దిగా ఎరుగుదును. మంచివాడు, పనిమంతుడు, కాస్త అందగాడు కూడా. చెప్పడానికి విచారంగా ఉంది గానీ, ఆయన పోయారు. పోయి చాలా కాలమైంది. కాబట్టి చిరునామా ఇవ్వలేను. పోయినవాళ్ల తప్పులు నలుగురిలో పెట్టడం పెద్దల పద్ధతి కాదు కనుక, ఇప్పటికైనా పేజీ తిప్పించగలరు.

ఇట్లు,
రిటైర్డ్ ఫైర్‌మన్

తా.క. ఎలా పోయారని అడక్కండి. చాలా హఠాత్తుగా జరిగింది. ఈ ఉత్తరం మొదలుపెట్టేదాకా నాకే తెలియదు.

*

పదహారో తేదీ

గౌరవనీయులకు,

బరువెక్కిన గుండెతో రాస్తున్నాం. 17వ నంబరు గారు లేరన్న వార్త మమ్మల్ని కలచివేసింది. నిన్న పదకొండింటికి స్టేషన్ గంట మోగించి సిబ్బంది రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఇదీ మ్యూజియంలో ఒక భాగమేననుకుని సందర్శకులు కూడా నిలబడ్డారు. తర్వాత మళ్లీ ఎప్పుడు చేస్తారని అడిగారు.

తమ సూచన మేరకు కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. పోయినవారిని తప్పుతో కాక గౌరవంతో గుర్తుంచుకోవాలన్న మీ మాట అందరికీ నచ్చింది. అందువల్ల ఆ పేజీని ఆరడుగుల ఎత్తున పెద్దది చేయించి ముందు గోడకి తగిలిస్తున్నాం. దాని పక్కన 17వ నంబరు గారి నిలువెత్తు బొమ్మ నిలబెడుతున్నాం, తువ్వాలుతో. నలభై ఏళ్లు నిండే ఆదివారం ఉదయం ఆవిష్కరణ. ఆయనతో కలిసి పనిచేసిన మీరు అయిదు నిమిషాలు మాట్లాడాలి.

ఎత్తెంత, మీసముందా, తువ్వాలు రంగేమిటి అని బొమ్మ చేసే ఆయన అడుగుతున్నాడు. తెలియకపోతే ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, మీసం లేదు, తువ్వాలు గులాబీ రంగు అని అనుకుని చేసేస్తానన్నాడు.

భవదీయుడు,
మ్యూజియం అధికారి

తా.క. ఆహ్వానపత్రంలో మీ నంబరు వేయాలి. ఇక్కడికొచ్చే పాత ఉద్యోగులంతా పేరు కంటే ముందు నంబరు చెబుతారు. మీరు ఇంతవరకు చెప్పలేదు.

*

ఇరవయ్యో తేదీ

అధికారి గారికి,

బొమ్మ వద్దు. గోడ మీద పేజీ వద్దు. ఉపన్యాసం వద్దు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఈ వయసులో మీవల్ల తెలిసింది.

ఇవేవీ వద్దు గానీ, చేసి తీరతామంటే మాత్రం సరిగ్గా చెయ్యండి. ఎత్తు అయిదడుగుల పదంగుళాలు. మీసముండేది, మామూలు మీసం కాదు. తువ్వాలు తెలుపు మీద నీలం చారలు. గులాబీ రంగు ఎవరు చెప్పారు మీకు? మా బట్టలన్నీ ఒకే లాండ్రీకి వెళ్లేవి కనుక అంచున ఎర్రదారంతో నంబరు కుట్టేవాళ్లు, దాని మీద 17 ఉండేది. తర్వాత ఎప్పుడో పారేశారు. ఆ తువ్వాలు మోకాళ్ల కిందికి వచ్చేది. ఈ సంగతి బొమ్మ చేసే ఆయనకి గట్టిగా చెప్పండి.

ఇంకో మాట కూడా రాస్తున్నాను, మీ పేజీలో లేదు కనుక. ఆ రోజు ఆయన స్నానం చేస్తుంటే గంట మోగింది. మామూలుగా ప్యాంటు బూట్ల మీదే మడిచి, మంచం పక్కనే ఉండాలి. కాళ్లు దూర్చి పైకి లాక్కుంటే చాలు. ఆ ఒక్కరోజు ఉతుక్కుని టవర్ మీద ఆరేశాడు, అది తప్పే. టవర్ నలభై అడుగులు. ఎక్కి దించుకోవడానికి ఆరు నిమిషాలు పట్టేది. స్తంభం జారడానికి మూడు సెకన్లు. ఆయన లెక్క వేసుకున్నాడు, జారాడు. దర్జీ ముసలి తల్లి పై గదిలో ఉండిపోయింది. ఆరు నిమిషాలు ఆగి ఉంటే, ఆవిణ్ణి దించిన ఆ మెట్లు ఉండేవి కావు. దుకాణంలో కుట్టి తగిలించిన ప్యాంట్లు ముప్పై ఆరు. అన్నీ కాపాడాడు. ఒక్కటీ తీసి వేసుకోలేదు, జనం సొమ్ము కనుక. ఇదంతా పేజీకి వెనకవైపు ఉంది. ఎవరూ తిప్పరు.

ఇట్లు,
రిటైర్డ్ ఫైర్‌మన్

తా.క. నా నంబరు 18.

*

ఇరవై నాలుగో తేదీ

గౌరవనీయులకు,

మీ ఉత్తరం చదివి టికెట్లమ్మే ఆవిడ కన్నీళ్లు పెట్టుకుంది. అరగంట టికెట్లు ఇవ్వలేకపోయింది. అంతమందీ ఉచితంగా లోపలికొచ్చారు.

బొమ్మ తయారైంది. మీసం విషయంలో మీరు రాసినదానికి తగ్గకుండా పెట్టించాం. ఇప్పుడు అది తలుపులో పట్టడం లేదు, పక్కకి తిప్పి తేవాలి. ఆ దర్జీ గారి కొడుకు ఇప్పటికీ అదే దుకాణం నడుపుతున్నాడు. వాళ్ల నాయనమ్మను కాపాడిన మనిషి సంగతి తెలిసి స్వయంగా వచ్చాడు. ‘ముప్పై ఆరు ప్యాంట్లు కాపాడిన మనిషిని ఒక్క ప్యాంటు కూడా ఇవ్వకుండా పంపించేశాం’ అని బాధపడి, ఆదివారం నాడు బొమ్మకి కొత్త ప్యాంటు తొడుగుతానన్నాడు. నడుము కొలత కావాలట.

ఆహ్వానపత్రాలు అచ్చయ్యాయి. పైన తువ్వాలు బొమ్మ, కింద ‘స్వర్గీయ 17వ నంబరు గారి స్మృతిలో’ అని ఉంటుంది. మ్యూజియం సందర్శకుల పుస్తకంలో చిరునామా రాసిన అందరికీ పంపుతున్నాం.

భవదీయుడు,
మ్యూజియం అధికారి

తా.క. పాత రికార్డుల ప్రకారం 18వ నంబరు, గొట్టాలు కొరికే ఎలుకల కోసం స్టేషన్లో నియమించిన పిల్లిది. రోజుకి అరసేరు పాలు ఆ నంబరు మీదే మంజూరయ్యేవి. దీనిపై తమ వివరణ కోరుతున్నాం.

*

ఇరవై ఏడో తేదీ

అధికారి గారికి,

పిల్లి రిటైరయ్యాక ఆ నంబరు నాకిచ్చారు. ఇంతకంటే వివరణ లేదు.

ఒక శుభవార్త. మా ఆవిడ ఉన్నట్టుండి మ్యూజియం మాట మానేసింది. తన చెల్లెలింటికి వెళ్తానని, గురువారం బయల్దేరి ఆదివారం సాయంత్రానికి గానీ రానని తనంతట తనే చెప్పింది. దేవుడున్నాడు. ఆవిడ ఊళ్లో ఉండదు కనుక ఆదివారం నేను వచ్చి మాట్లాడతాను. సోమవారం ఆ గోడ మీది పేజీ తీసేస్తానని మాటివ్వండి చాలు.

మీరు చిన్నవాళ్లు, మీకు అర్థం కాకపోవచ్చు. ముప్పై తొమ్మిదేళ్లుగా నేను ఏ విషయంలోనూ ఆవిడ ముందు గొప్పవాణ్ణి కాలేదు. మేకు కొడితే గోడ ఊడుతుంది. బియ్యంలో రాళ్లు వదిలేస్తాను. కానీ ఆ దర్జీ దుకాణం కథ మొదలుపెడితే మాత్రం ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి వింటుంది. ఎన్నిసార్లు చెప్పినా వింటుంది. గుండీల దగ్గరికొచ్చేసరికి తల వంచుకుంటుంది. నాకున్నది ఆ ఒక్క కథే. అది పోతే ఇంట్లో నాకు మాట్లాడ్డానికేమీ మిగలదు.

అంటే, 17వ నంబరు ఆయన పరిస్థితి అలా ఉండేదని చెప్తున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ ఫైర్‌మన్

తా.క. దర్జీకి చెప్పండి: నడుము అప్పట్లో ముప్పై, ఇప్పుడు ముప్పై ఎనిమిది. కూర్చుంటే బిగుతవుతుంది కనుక అరంగుళం వదులు పెట్టమనండి.

*

గురువారం

గౌరవనీయులకు,

మీరు పంపిన నడుము కొలతలు అందాయి. పోయి చాలా కాలమైన మనిషికి నడుము ఎనిమిదంగుళాలు పెరగడం, కూర్చుంటే బిగుతవడం ఎలా సాధ్యమని కమిటీ రెండు గంటలు చర్చించింది. ఒక సభ్యుడు గుమ్మడికాయల దొంగ సామెత చెప్పి ఇంటికి వెళ్లిపోయారు. మేము ఇంకా చర్చిస్తుండగా ఒక పెద్దావిడ టికెట్టు కొనుక్కుని లోపలికొచ్చారు.

చేతిలో మా ఆహ్వానపత్రం ఉంది. సందర్శకుల పుస్తకంలో మీరు మీ ఇంటి చిరునామా రాసి ఉన్నారు, దానికే పంపాం. సైకిల్ షాపులకు ఆహ్వానాలు పంపే నిబంధన మాకు లేదు. ఆమె గోడ మీది పేజీ మొత్తం చదివి చాలాసేపు నవ్వారు. తర్వాత కళ్లు తుడుచుకున్నారు. ‘స్వర్గీయ’ అన్న ఫలకం దగ్గరికొచ్చి, “ఇదెప్పుడు జరిగింది? పొద్దున టిఫిన్‌లో ఉప్పు లేదని నాతో పోట్లాడారే” అని అడిగారు. జవాబుగా మీ ఉత్తరాలన్నీ తీసి ఆమె ముందు పెట్టాం.

ఆ తర్వాత సంచిలోంచి ఒక తువ్వాలు తీసి బల్ల మీద పెట్టారు. తెలుపు మీద నీలం చారలు, అంచున ఎర్రదారంతో 17. పెళ్లయిన కొత్తలో మీరు పారెయ్యమని ఇచ్చారట, ఆమె పారెయ్యలేదట. మోకాళ్ల కిందికి వచ్చేదని మీరు రాసిన మాట బొమ్మకి చుట్టి సరిచూశాం. మోకాళ్ల పైకే వచ్చింది. ఉతుకుల్లో కుదించుకుపోయి ఉంటుందని కమిటీ మీ పక్షాన అభిప్రాయపడింది.

హెడ్డాఫీసు నుంచి తాళంచెవి కూడా ఇవాళే వచ్చింది. పేజీ తిప్పాం. మీరు చెప్పినట్టే వెనకవైపు అంతా ఉంది. ఏడు నెలలుగా మాలో ఒక్కరమూ అది చదవలేదు, సిగ్గుపడుతున్నాం. దానికి నకలు తీయించి పక్కనే పెడుతున్నాం.

బతికున్నవారికి బొమ్మ పెట్టే నిబంధన లేనందున ఆవిష్కరణ రద్దయింది. మీసం తగ్గించి దాన్ని స్టేషన్ ఆఫీసరుగా వాడుకుంటాం. ఆదివారం బొమ్మ స్థానంలో మీరే నిలబడాలి.

భవదీయుడు,
మ్యూజియం అధికారి

తా.క. మీ శ్రీమతి గారు నా ఎదురుగానే కూర్చున్నారు. కింద కాస్త చోటు వదలమన్నారు.

ఏమండీ,

చెల్లెలింటికని చెప్పి ఇక్కడికొచ్చాను. మీరు పోయారని రాసినదానితో పోలిస్తే నాది చిన్న అబద్ధమే.

గుండీలు మెరిశాయని ముప్పై తొమ్మిదేళ్లుగా చెబుతున్నారు. ఆ రోజు జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి, నేను ఆ దుకాణం ఎదురుగా రోడ్డు మీదే నిలబడి ఉన్నాను. మెరిసింది గుండీలు కాదు, మీ వీపు మీది సబ్బు నురగ. కడుక్కోవడానికి కూడా ఆగలేదు మీరు. ఒక చేత్తో ముసలావిణ్ణి భుజాన పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలు ముడి పట్టుకుని మెట్లు దిగారు. ఏడాది తర్వాత మీ సంబంధం వచ్చి ఫొటో చూపిస్తే, మావాళ్లు జీతమెంతని అడిగేలోపే నేను సరేననేశాను. ప్యాంటు కోసం ఆగనివాడు దేనికీ ఆలస్యం చెయ్యడనుకున్నాను. అక్కడ మాత్రం మోసపోయాను, కూరగాయలకి పంపితే రెండు గంటలు.

మీరు గుండీల దగ్గరికొచ్చినప్పుడల్లా నవ్వాపుకోలేక తల వంచుకునేదాన్ని. మీకు సిగ్గని తెలిసి ఊరుకున్నాను. ఆ కథ నాకూ ఒక్కటే ఉంది.

పేజీ తిప్పేసి ఉంచమని అడిగారట. మళ్లీ ఇటువైపే తెరిచి పెట్టమని చెప్పాను. నేను మిమ్మల్ని మొదటిసారి చూసింది ఆ పేజీలోనే.

ఆదివారం తొమ్మిదింటికి తయారుగా ఉండండి. ప్యాంటు అక్కడే ఇస్తారు.